నాయన వేలికి క్లిప్పు పెట్టిన రోజు

డాక్టరేట్ చేతికొచ్చే రోజునే మనిషి ఎంత పరువు పోగొట్టుకోవచ్చో మీకు తెలియకపోతే, రండి, ఇలా కూర్చోండి. నా అంత చదువుకుని, నా అంత గుడ్డిగా, అంతమంది ముందు బోల్తా పడిన మనిషి కర్నూలు, కడప జిల్లాల్లో ఇంకొకరు ఉండరని నా నమ్మకం. నవ్వొచ్చిన చోట నవ్వేయండి, ఏమీ అనుకోను. కాకపోతే ఇది సంతోషంగా ముగిసే కథ కాదని ముందే చెప్పేస్తున్నాను.

మాది బనగానపల్లె. ఆ పేరు వినగానే మీకు మామిడిపండు గుర్తొస్తుంది. మాకు బండలు గుర్తొస్తాయి. తోటలున్నవాళ్ళకు తోటలున్నాయి, లేనివాళ్ళకు నాపరాళ్ళ పాలిష్ ఫ్యాక్టరీలున్నాయి. మా నాయన సుబ్బరాయుడు అలాంటి ఒక ఫ్యాక్టరీలో బండలు కోసే మిషన్ మీద పనిచేసేవాడు. ఇంటికొచ్చేసరికి జుట్టు, కనుబొమలు, మీసం అన్నీ తెల్లగా ఉండేవి. నాయనలంటే సాయంత్రానికి ముసలివాళ్ళైపోయి, స్నానం చేశాక మళ్ళీ పడుచువాళ్ళయ్యే జాతి అని చిన్నప్పుడు నాకు గట్టి నమ్మకం.

ఆ దుమ్ములో పెరిగిన నేను కడపలో బయోకెమిస్ట్రీ పరిశోధనకు చేరాను. కణాలకు ఊపిరి చాలనప్పుడు, అంటే ప్రాణవాయువు తక్కువైనప్పుడు, లోపలి ప్రోటీన్లు ఒకదాన్నొకటి ఎలా పట్టుకుంటాయి, ఎలా వదిలేస్తాయి అన్నది నా అంశం. అయ్యా, అమ్మా, లేచి వెళ్ళకండి. ఇది అర్థమైతేనే నేను ఎంత గొప్పగా తప్పు చేశానో అర్థమవుతుంది.

మా వైపు దేవరకు బలి ఇచ్చే పొట్టేలుకు పసుపు పూసి బొట్టు పెడతారు. బొట్టు పడిందా, దాని కథ ముగిసినట్టే. కణంలోనూ ఇంతే. అక్కడ ఆల్ఫా అనే ప్రోటీన్ ఒకటి ఎప్పుడూ పుడుతూ ఉంటుంది. ఊపిరి నిండుగా ఉన్నంతకాలం ఆ ప్రాణవాయువుతోనే దాని ఒంటి మీద ఒక గుర్తు పడుతుంది. ఇంకో ప్రోటీన్ ఉంటుంది, దాన్ని తలారి అనుకుందాం. ఆ గుర్తు చూసి తలారి ఆల్ఫాను పట్టుకుని కోతకు పంపిస్తాడు. ఊపిరి తగ్గిందనుకోండి, గుర్తు పడదు. గుర్తు లేనిదాన్ని తలారి ముట్టుకోడు. తప్పించుకున్న ఆల్ఫా బీటా అనే తన జతను పట్టుకుని, కణం నడిమింట్లోకి పోయి, జన్యువుల మీద కూర్చుని హుకుం జారీ చేస్తుంది: "ఊపిరి చాలడం లేదు, రక్తం పెంచండి!" మూత్రపిండాలు ఎముకల మూలుగకు కబురు పెడతాయి, రక్తం చిక్కబడుతుంది. తలారి చేతిలో ఆ గుర్తు సరిగ్గా ఇమిడే చిన్న గుంట ఒకటి ఉంటుంది. ఆ గుంటలో నేను అయిదేళ్ళు కాపురం చేశాను. పెళ్ళిచూపులకు వచ్చినవాళ్ళకు కూడా దాని గురించే చెప్పాను. అందుకే ఎవరూ రెండోసారి రాలేదు.

మొత్తం చదువు సారం ఒక్క ముక్క: ఊపిరి తగ్గితే రక్తం పెరుగుతుంది. ఈ ముక్క నిద్రలో లేపి అడిగినా ఇంగ్లీషులో చెప్పేదాన్ని.

ఇక ఘోరం మొదలు. ఎవరో నాయకుడి పుట్టినరోజని మా ఊళ్ళో రక్తదాన శిబిరం పెట్టారు. మా నాయన కూడా చేయి చాపాడు. వేలికి సూది గుచ్చి చూసి, రక్తం తీసుకోకుండా వెనక్కి పంపేశారు. నాయన నాకు ఫోన్ చేశాడు.

"పాపా, నాకు రక్తం శానా ఉండాదంట."

"ఎంతంట నాయనా?"

"పంతొమ్మిది అంటాండారు. ఇంత ఉంటే తీసుకోమప్పా, ఒకసారి కర్నూలు పెద్దాసుపత్రిలో చూపిచ్చుకోపో అన్యాడు ఆ క్యాంపు డాక్టరు. సంచి సర్దుకున్యా. బస్సుకు పోతాండా. నిన్ను ఒక మాట అడుగుదామని."

ఆ క్షణాన నేనేం చేయాలి? మగవాళ్ళకు పదిహేనో, పదహారో ఉండాల్సిన చోట పంతొమ్మిది అని చెవిన పడగానే గుండె గుభేలుమనాలి. అయిదేళ్ళ కాపురం అందుకే కదా! కానీ నేనేం చేశానో చూడండి. పకపకా నవ్వాను.

ఎందుకంటారా? మీరు మా సీమలో పుట్టి ఉంటే అడగరు. మాకు ఏదైనా తక్కువైతేనే జబ్బు. వాన తక్కువ, నీళ్ళు తక్కువ, పంట తక్కువ. మా హాస్టల్లో ఆడపిల్లలందరికీ రక్తం తొమ్మిదో, పదో. అందరం ఇనుము మాత్రలు మింగేవాళ్ళమే. మా అమ్మకు ఎప్పుడూ ఎనిమిది దాటలేదు. అలాంటిచోట ఏదైనా ఎక్కువైందంటే అనుమానం ఎవరికొస్తుంది? చెరువు నిండి అలుగు పారుతుంటే ఏం జబ్బు చేసిందని అడిగేవాళ్ళు మా వైపు ఇంకా పుట్టలేదు.

"సంచి లోపల పెట్టేయ్ నాయనా," అన్నాను. "రక్తం ఎక్కువుంటే ఎవరన్నా ఆసుపత్రికి పోతారా? నీకున్నంత రక్తంలో సగం అమ్మకుంటే మన ఇల్లు బాగుపడేది."

"అంతేనంటావా?"

"అంతే. నేను చదివేది ఇదే కదా."

ఆ చివరి మాట ఉంది చూశారూ, దానికి నా నాలుక కోసినా పాపం లేదు. నాయన సంచి లోపల పెట్టేశాడు. మరుసటి రోజు మళ్ళీ మిషన్ మీదికి ఎక్కాడు.

తరువాత ఏడాది పాటు ఇంటికి వెళ్ళినప్పుడల్లా నేను చూపిన ప్రతిభ కూడా వినండి. నాయన పెదాలు నల్లబడితే "ఎండ" అన్నాను. నీళ్ళ బిందె ఎత్తి మధ్యలో దించితే "వయసు" అన్నాను. పక్క మీద పడుకోలేక గోడకు ఆనుకుని కూర్చుంటే "నా పెళ్ళి బెంగ" అన్నాను. దగ్గితే మాత్రం "దుమ్ము" అన్నాను. అది ఒక్కటీ నిజం. నిజమని తెలియకుండా అన్నాను.

"ఒకసారి చూపిచ్చుకుందామా?" అని అమ్మ నసిగేది.

"పాప చెప్పినాది కదమ్మే, ఏం కాదని," అని నాయనే ఆమె నోరు మూయించేవాడు. "నీకు రక్తం లేదు గానీ నాకు దండిగా ఉండాది. నోరు మూసుకోని నువ్వు మాత్రలు మింగు."

అలా వచ్చింది నా వైవా రోజు. పరిశోధన పూర్తయ్యాక పరీక్షకులు నలుగురి ముందూ ప్రశ్నలడిగే తతంగం అది. పేరుకు పరీక్షే గానీ మా వైపు అది చిన్న పెళ్ళి. బంధువులొస్తారు, శాలువాలొస్తాయి, బిర్యానీ డేగిసాలొస్తాయి. మా మేనమామ ఓబులేసు ఒక తుఫాను బండి నిండా జనాన్ని, రెండు గంపల మామిడిపండ్లను, ఒక ఫ్లెక్సీని వేసుకొచ్చాడు. ఫ్లెక్సీ మీద నా బొమ్మ కంటే మామ బొమ్మ పెద్దది. కింద "డాక్టరేట్ సాధించిన మా మేనకోడలికి శుభాకాంక్షలు" అని ఉంది.

"మామా, ఇంకా పరీక్షే కాలేదు!"

"అయితాది లేమ్మా. ఫ్లెక్సీ వేసినాక ఫెయిలు చేసే మొగోడు ఎవడుండాడు ఈడ?"

హాలు మూడో అంతస్తులో ఉంది. అందరూ ఎక్కేశారు. మా నాయన మాత్రం ప్రతి మలుపులోనూ ఆగి కిటికీలోంచి కడపను చూస్తున్నాడు. ఊరు అంత నచ్చిందా అనుకున్నాను. పైకి వచ్చి ముందు వరుసలో కూలబడ్డాక చాలాసేపు మాట్లాడలేదు. కూతురు స్టేజీ ఎక్కుతుంటే తండ్రికి గొంతు పూడుకుపోయిందని నేనే కళ్ళు తుడుచుకున్నాను.

మొదట ఇంగ్లీషులో దంచాను. ఎత్తైన కొండల మీద బతికేవాళ్ళకు ఊపిరి చాలక రక్తం ఎలా చిక్కబడుతుందో తెర మీద మంచు కొండల బొమ్మలు వేసి మరీ చూపించాను. చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికినట్టు అంటారు కదా. నేను నాయనను ముందు వరుసలో పెట్టుకుని హిమాలయాలన్నీ వెతికాను.

బయటినుంచి వచ్చిన పరీక్షకురాలు ఒక పెద్దావిడ. ముఖంలో నవ్వన్నది లేదు. తలారి చేతి గుంట గురించి అడ్డంగా, నిలువుగా అడిగింది. అన్నీ చెప్పాను. మా గైడు సారు పొంగిపోయి, "అమ్మా, మీవాళ్ళు అంత దూరం నుంచి వచ్చారు. తెలుగులో నాలుగు ముక్కలు చెప్పు," అన్నారు.

దాని కోసం నేను ముందే ఒక తమాషా సిద్ధం చేసుకున్నాను. కరోనా రోజుల్లో అందరి ఇళ్ళలోకీ వచ్చిందే, వేలికి పెట్టే క్లిప్పు, రక్తంలో ప్రాణవాయువు ఎంతుందో చూపేది, అది జేబులో వేసుకొచ్చాను. దేవర పొట్టేలు కథ చెప్పాను. జనం బాగా విన్నారు. ఆ ఊపులో అన్నాను:

"ముందు ఊపిరి నిండుగా ఉండే మనిషి ఎట్లుంటాడో చూపిస్తాను. దానికి మంచి ఆరోగ్యవంతుడు కావాలి. మా నాయన కంటే ఆరోగ్యవంతుడు నాకు తెలిసి ఎవరూ లేరు. ముప్పై ఏళ్ళుగా బండలు కోస్తున్న మనిషి!"

చప్పట్లు. నాయన సిగ్గుపడుతూ లేచి వచ్చాడు.

"నొప్పి అయితాదా పాపా?"

"కాదులే నాయనా. వేలు పెట్టు."

పెట్టాడు. నేను క్లిప్పు వంక చూడనైనా చూడలేదు. జనం వైపు తిరిగి, "ఆరోగ్యంగా ఉన్నవాళ్ళకు తొంభై అయిదుకు పైనే ఉంటుంది," అని ప్రకటించి, "మామా, ఎంతుందో గట్టిగా చదువు!" అన్నాను.

ఓబులేసు మామ వంగి చూసి, హాలు దద్దరిల్లేలా అరిచాడు: "డెబ్బై ఎనిమిది! ఫస్టు క్లాసుమ్మా! బావకు ఫస్టు క్లాసు వచ్చినాది!"

తుఫాను బండి జనమంతా ఈలలేసి చప్పట్లు కొట్టారు. వేదిక మీద పెద్దావిడ ఒక్కతే కళ్ళజోడు పెట్టుకుంది.

నేను క్లిప్పు లాక్కుని చూశాను. డెబ్బై ఎనిమిదే. "బ్యాటరీ అయిపోయినట్టుంది," అని నవ్వి, మామ వేలికి పెట్టాను. తొంభై ఎనిమిది.

"చూసినావా బావా, నీకంటే ఇరవై మార్కులు ఎక్కువ నాకు! నేను పదో తరగతి ఫెయిలు!"

మళ్ళీ నాయనకు పెట్టాను. డెబ్బై ఏడు. అప్పుడైనా ఆగాలా, వద్దా? ఆగలేదు. "వేలికి రాతి దుమ్ము పట్టింది, అందుకే. చేయి కడుక్కోని రా నాయనా," అన్నాను. పాపం ఆయన వరండా చివరి కుళాయి దాకా పోయి, సబ్బుతో రుద్దుకుని, చేయి పంచెకు తుడుచుకుంటూ వచ్చాడు. ఈసారి డెబ్బై నాలుగు.

"చేతులు చల్లగా ఉన్నాయి," అన్నాను.

మే నెలలో, కడపలో, మిట్టమధ్యాహ్నం ఒక మనిషికి చేతులు చల్లబడ్డాయని చెప్పిన మొదటి శాస్త్రవేత్తను నేనే. ఎవరూ నవ్వలేదు.

పెద్దావిడ వేదిక దిగి వచ్చింది. నాయనను కుర్చీలో కూర్చోబెట్టి, ఆయన గోళ్ళు వెలుతురులోకి తిప్పి చూసింది. తరువాత పెదాలు చూసింది.

"ఏం పని చేస్తారండీ?"

"బండలు కోస్తామమ్మా."

"ఆయాసం ఎప్పటినుంచి?"

"అది శానా దినాలాయ. యాడికన్నా నాలుగడుగులు నడిస్తే దమ్ము వస్తాది. ఏం కాదులేమ్మా, మా పాప చూసినాది. నాకు రక్తం పంతొమ్మిది ఉండాది." ఆ చివరి మాట కాస్త గర్వంగానే చెప్పాడు.

మా గైడు సారు చేతిలో ఉన్న శాలువాను మెల్లగా మడతపెట్టేశారు. పెద్దావిడ నా వైపు తిరిగింది.

"ఆఖరి ప్రశ్న. తెలుగులోనే చెప్పు, ఆయనకు కూడా అర్థం కావాలి. ఈయన ఒంట్లో ఆల్ఫాకు గుర్తు పడిందా?"

"పడలేదు మేడం."

"ఎందుకు?"

"ఊపిరి చాలలేదు."

"తలారి ఏం చేశాడు?"

"పట్టుకోలేదు. వదిలేశాడు."

"మరి ఆల్ఫా?"

"బీటాను పట్టుకుని లోపలికి పోయింది మేడం. ఊపిరి లేదు, రక్తం పెంచండి అని చెప్తా ఉంది. ఏడాదికి పైగా చెప్తా ఉంది." స్టేజీ మీద, ఫ్లెక్సీలో నా బొమ్మ ముందు, బడిలో దెబ్బలు తిన్న పిల్లలా ఏడ్చాను.

ఆవిడ కోప్పడలేదు. "జవాబు సరైనదే," అంది. "ఇంతకంటే నేను అడగగలిగింది లేదు. మొదట ఈయనను ఆసుపత్రికి తీసుకెళ్ళు."

నియమం ప్రకారం మా సారు లేచి, ఈమెకు డాక్టరేట్ ఇవ్వడానికి పరీక్షకులు ఒప్పుకున్నారని ప్రకటించారు. ఏం జరిగిందో సగం మందికి అర్థం కాలేదు కాబట్టి చప్పట్లు కొట్టారు. మామ దండ పట్టుకుని ఎటు వేయాలో తెలియక నిలబడిపోయాడు. నాయన నా కొంగు లాగాడు.

"పాసయినావా పాపా?"

"అయినా నాయనా."

"ఏడుస్తాండావెందుకు మరి? నా వేలు పనికొచ్చినాది కదా."

బిర్యానీ మిగతావాళ్ళు తిన్నారు. మేము తుఫాను బండిలో, ఏడాది కిందట క్యాంపు డాక్టరు చెప్పిన ఆ కర్నూలు పెద్దాసుపత్రికే బయల్దేరాం. ఆసుపత్రిలో ఎక్స్‌రే దీపానికి పెట్టి చూపించారు. మా నాయన ఊపిరితిత్తుల నిండా రాయే. ముప్పై ఏళ్ళుగా ఊళ్ళోవాళ్ళ ఇళ్ళకు నున్నటి బండలు పంపి, గరుకంతా తాను లోపల దాచుకున్నాడు.

"దీనికి వెనక్కి తిప్పే మందు లేదు," అన్నాడు డాక్టరు. "ఉన్నది ఉన్నట్టు ఉంచాలంటే దుమ్ములోకి పోకూడదు. ఏడాది కిందటే పని మాన్పించి ఉంటే మేలుగా ఉండేది. ముందే తెలియలేదా?"

"తెలీలేదు సార్," అన్నాడు నాయన, నేను నోరు తెరిచేలోపే.

రచ్చ గెలవాలంటే ముందు ఇంట గెలవమంటారు పెద్దలు. నేను రచ్చ గెలిచేసి ఇంట ఓడాను. ఏడాది. ఫోన్లో పకపకా నవ్వి, నాయనను నా చేతులతో మళ్ళీ మిషన్ ముందు నిలబెట్టిన ఏడాది. దాన్ని ఎన్ని రకాలుగా చెప్పుకున్నా బరువు తగ్గదు. ఇలా నవ్వులాటగా చెబితే కొంచెం పట్టుకోవడానికి వీలుగా ఉంటుంది, అంతే.

ఆ తరువాత నాయన పనికి పోలేదు. ముక్కుకు గొట్టం, పక్కన గుర్రుమనే ఆక్సిజన్ మిషన్. చూడ్డానికొచ్చిన ప్రతి ఒక్కరికీ ఆయన చెప్పే కథ ఏమిటో తెలుసా?

"మా పాప కనిపెట్టినాదప్పా నా జబ్బు! అంత మంది పెద్దోళ్ళ ముందర, స్టేజీ మీద! ఇంత క్లిప్పు పెట్టి టక్కున పట్టేసినాది. ఆ పెద్ద మేడం అడిగితే గడగడా చెప్పినాది, అందరూ చప్పట్లు కొట్టినారు."

ఒకరోజు తట్టుకోలేక అడ్డుపడ్డాను. "నాయనా, అబద్ధం చెప్పొద్దు. నేను పట్టుకోలేదు. నేనే వదిలేసినా."

ఆయన కాసేపు ఊపిరి కూడదీసుకున్నాడు. మాట్లాడాలంటే ముందు అది సంపాదించుకోవాల్సి వచ్చేది.

"నువ్వు ఊరకుండు. అయిదేండ్లు చదివిచ్చినా నిన్ను. కూతురు జబ్బు వదిలేసినాదని చెప్తే ఊళ్ళో నా మర్యాద ఏం కావాల?"

ఆ అబద్ధం ఊళ్ళో బాగా పాకింది. పాలిష్ ఫ్యాక్టరీల వాళ్ళు ఒక్కొక్కరే వచ్చి మా అరుగు మీద కూర్చుని, "మాకూ క్లిప్పు పెట్టు డాక్టరమ్మా," అని వేళ్ళు చాపేవాళ్ళు. అందరికీ పెట్టాను. తక్కువ చూపినవాళ్ళను అదే రోజు, అదే తుఫాను బండిలో ఆసుపత్రికి తరిమాను. ఎవరినీ చేయి కడుక్కుని రమ్మనలేదు.

మరుసటి ఏడు మామిడి పూతకు ముందే నాయన పోయాడు.

అందువల్ల ఆల్ఫా సాక్షిగా, బీటా సాక్షిగా, గుర్తు లేనిదాన్ని ముట్టుకోని ఆ తలారి సాక్షిగా ఒట్టేసి చెబుతున్నాను. ఇకమీదట ఏ సభలోనూ, ఎవరెంత బలవంతపెట్టినా సరే, మా నాయనను లేపి ఆరోగ్యవంతుడని నలుగురి ముందు నిలబెట్టను. ఈ ఒట్టు తప్పుతానేమోనని మీరు బెంగపడనక్కర్లేదు. నాకు ఉండింది ఒక్క నాయనే.